టేపుకి అవతలి కొస

పొద్దున్నే ఆయన పనికి సంచి సర్దుకుంటుంటే ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చిన్న సుత్తి, రెండు మేకులు, రాసుకునే అట్ట, పెన్సిలు, వంద అడుగుల పాత గుడ్డ టేపు. ఇళ్ళకి విలువ కట్టే పని ఆయన నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఒక మనిషి టేపు కొసని గోడకి ఆనించి పట్టుకోవాలి, ఇంకో మనిషి అవతలి గోడదాకా నడిచి అంకె చదవాలి. నాలుగేళ్ళుగా ఆ మొదటి మనిషి పని మేకు చేస్తోంది.

అంతకుముందు ఆ కొస పట్టుకున్నది వాళ్ళబ్బాయి. తండ్రి దగ్గరే పని నేర్చుకుంటూ, ఓ ఖాళీ ఇంట్లో మేడమీద బాల్కనీ రెయిలింగు విరిగి కింద పడి చనిపోయాడు. అప్పట్నుంచి ఈయన బయల్దేరినప్పుడల్లా వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీ వదలదు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొస్తారన్న నమ్మకం ఆవిడకి పోయింది.

కోడలు ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది.

"మామయ్యా, ఇవాళ సాయంత్రం అయిదుకి ఆఖరు."

ఆ పిల్ల ఇళ్ళకి విలువ కట్టే పరీక్ష పాసైంది. ఇంక ఓ సీనియర్ చేతికింద రెండేళ్ళు పనిచెయ్యాలి. ఆ కాగితం మీద ఆయన సంతకం పెట్టకపోతే దూరపు ఊరికి వెళ్ళిపోతుంది, అక్కడ ఇంకో సీనియర్ ఒప్పుకున్నాడు. పెట్టె సర్ది మంచం పక్కనే ఉంది. ఆవిడ రాత్రి రెండుసార్లు లేచి ఆ పెట్టె అక్కడే ఉందో లేదో చూసుకుంది.

"చెప్పానుగా అమ్మాయ్. ఏదైనా చదువుకో, ఏ ఉద్యోగమైనా చేసుకో. ఇది మాత్రం వద్దు."

"మొన్న కాలేజీలో మైకు పట్టుకుని ఏమన్నారు?" అంది ఆవిడ. "ముసలాళ్ళం మిగిలిపోయాం, కొత్తవాళ్ళు రాకపోతే ఈ విద్య మాతోనే పోతుందన్నారట. ఊళ్ళో పిల్లలందర్నీ రండి రండి అని, ఇంట్లో పిల్ల ముఖాన తలుపేస్తారా?"

"ఊళ్ళో పిల్లల్ని నా టేపు పట్టుకోమనలేదు."

అంతలో బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఆయన వింటూ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైందండీ?"

"పోయినవారం ఇచ్చిన రిపోర్టు వెనక్కొచ్చింది. గదులన్నీ కలిపితే ఇల్లు స్థలం కంటే పెద్దదైందట."

"బాగుంది. ఇల్లు పక్కవాళ్ళ పెరట్లోకి నడిచిందా?"

ఆయన నవ్వలేదు. సంచి అక్కడే వదిలేసి బ్యాంకుకి వెళ్ళాడు.

కోడలు కాసేపు ఆ సంచినే చూసింది. తరవాత టేపు తీసింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఆ మూల నిలబడి కొస పట్టుకోరూ. మనిల్లే కొలుద్దాం."

ఈ పని నేర్చుకునేవాళ్ళు మొదట కొలిచేది సొంతిల్లే. అబ్బాయి అలా గీసిన బొమ్మ హాల్లో అద్దం కట్టించి ఉంది. హాలు పొడవు పదహారడుగులని దాంట్లో రాసుంది. కోడలి చేతిలో టేపు పదిహేడు చూపించింది. పడగ్గది కొలిస్తే అదీ ఒక అడుగు ఎక్కువే.

"అత్తయ్యా, మీ చేతిలో ఏ అంకె ఉంది?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఒకటి."

"అంటే దీనికి మొదటి అడుగు లేదు. మామయ్య చదివిన అంకెలోంచి ఒకటి తీసేసి రాస్తున్నారు. వయసు కదా, ఈమధ్య తియ్యడం మర్చిపోతున్నారు." కోడలు చిరిగిన అంచుని వేలితో తడిమింది. "ఇంత పీలికైనా కొత్తది ఎందుకు కొనుక్కోలేదో."

ఆ మొదటి అడుగు ఎక్కడుందో ఆవిడకి తెలుసు.

చివరికి అబ్బాయి గది మిగిలింది. ఆవిడ మూలకి వెళ్ళి టేపు గోడకి ఆనించింది. వీధి తలుపు చప్పుడు ఇద్దరికీ వినబడలేదు.

"పట్టుకున్నారా అత్తయ్యా?"

"పట్టుకున్నా."

గుమ్మంలో ఆయన. ముఖం పాలిపోయింది.

"ఎవరు నిన్నక్కడ నిలబడమన్నది? వదిలెయ్ అది."

"నేనే అడిగాను మామయ్యా."

"నీకేం తెలుసమ్మా." మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. "ఇప్పటికీ ఖాళీ ఇళ్ళలో మేకు కొట్టి, అవతలి గోడ దగ్గర్నుంచి పట్టుకున్నావా అని అడుగుతాను. అడిగి ఆగుతాను. ఆరోజు కూడా అడిగాను. పట్టుకున్నా నాన్నా అన్నాడు. అంకె సరిగ్గా కనపడాలని లాగాను. నేనే లాగాను. వాడు తూలాడు."

నాలుగేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

కోడలు గోడకి ఆనుకుంది. లెక్క అడిగినట్టే అడిగింది.

"మామయ్యా, మీరెక్కడున్నారు?"

"గదిలో."

"ఆయన?"

"బాల్కనీలో. రెయిలింగుకి వీపు ఆనించి."

"మీరు లాగితే మీ వైపుకి రావాలి కదా. రెయిలింగు వెనకుంది. ఆయన వెనక్కి పడ్డారు."

ఆయన తలెత్తాడు. ఆవిడ బీరువా దగ్గరికెళ్ళి చీరల అడుగునుంచి చిన్న పొట్లం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అందులో అడుగు పొడవు గుడ్డ టేపు, మడతలు మడతలుగా.

"ఆస్పత్రిలో వాడి గుప్పిట్లోంచి తీసి నాకిచ్చారు. ఇది చూస్తే మీరు లాగబట్టే పడ్డాడనుకుని కుమిలిపోతారని దాచాను. నేనూ అలాగే అనుకున్నానేమో. ఈ పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు." చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీరు తొయ్యలేదండీ. రెయిలింగు వదిలేశాక వాణ్ణి పట్టుకుని ఉన్నది మీరే. వాడూ వదల్లేదు. టేపే తెగింది."

ఆయన ఆ ముక్కని టేపు అంచుకి చేర్చి చూశాడు. పీలికకి పీలిక సరిపోయింది. తరవాత ఆ ముసలాయన ఏడ్చాడు, పసివాడిలా, నోరు తెరిచి. ఆవిడ ఆయన తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది.

అయిదు కావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆయన ముఖం కడుక్కొచ్చి కాగితం అడిగాడు. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండానే అన్నాడు.

"మొదటి పాఠం విను. టేపు విప్పేముందు రెయిలింగు చేత్తో ఊపి చూడాలి. వాడికి నేనిది చెప్పలేదు."

"చూస్తాను మామయ్యా."

మర్నాడు పొద్దున ఆవిడ మామూలుగానే కిటికీ దగ్గర నిలబడింది. దారిలో కొత్త టేపు కొంటామని ఇద్దరూ బయల్దేరారు. మలుపు దగ్గర కోడలు వెనక్కి తిరిగి చెయ్యూపింది. వాళ్ళు కనపడకుండా పోయాక కూడా గుండె దడదడలాడుతూనే ఉంది. అది ఇంక తగ్గేది కాదని ఆవిడకి తెలుసు.

వెనక్కి తిరిగితే బల్లమీద సుత్తి, రెండు మేకులు కనిపించాయి. మర్చిపోయారేమో, మలుపుదాకా పరుగెత్తి పిలుద్దామని గుమ్మందాకా వెళ్ళి, ఆగి, వాటిని తీసి సొరుగులో పడేసింది.