వెనక వార్డు వాళ్ళు

ఏలూరులో కాలవ గట్టున ఒక పాత ఆడవాళ్ళ ఆసుపత్రి ఉండేది. నేను చూసేనాటికే అది మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. ముందు వైపు రెండంతస్తుల మేడ. తెల్లటి ఆర్చీలు, టేకు మెట్లు, పెంకుల కప్పు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి చూసేంత అందంగా ఉండేది. దాని వెనకాల పొడవాటి రేకుల వార్డు. చిన్న కిటికీలు, పెచ్చులూడిన గోడలు. దాన్ని ఎవరూ చూసేవారు కాదు.

నా పేరు పెర్సిస్. పాత కట్టడాలు కొలిచి, ప్లాన్లు గీసి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యొచ్చో రిపోర్టు రాయడం నా పని. ఆ స్థలం కొన్న కంపెనీ అంతా పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతామంది. ఊళ్ళో పెద్దలు వీల్లేదన్నారు. ఆరు నెలలు గొడవ జరిగింది. చివరికి మధ్యేమార్గం చెప్పింది నేనే. ముందు మేడ బాగు చేసి ఉంచండి, వెనక వార్డు తీసేసి అక్కడ కొత్తది కట్టుకోండి అన్నాను. రెండు పక్షాలూ సరేనన్నాయి. నాకు చప్పట్లు కూడా కొట్టారు.

మేడ కొలవడానికి నాలుగు రోజులు పట్టింది. వార్డుకి అరగంట. రిపోర్టులో దాని గురించి ఒక్క వాక్యం రాశాను. ‘చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు.’

కొలతలు అయిపోయిన రోజు కృపమ్మగారు నా దగ్గరికొచ్చారు. ఆసుపత్రి నడిచే రోజుల్లో ఆవిడ అక్కడ ఆయా. మూతపడ్డాక కాపలాకి ఉండిపోయారు. డెబ్బై దాటి ఉంటాయి.

“వార్డు తీసేస్తారంటగదండీ?”

“అవునండీ.”

“మరి వాళ్ళెక్కడికి పోతారండీ?”

ఇల్లూ వాకిలీ లేనివాళ్ళెవరైనా అందులో తలదాచుకుంటున్నారేమో అనుకున్నాను. “ఖాళీ చేయించడం కంపెనీవాళ్ళు చూసుకుంటారండీ,” అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, వార్డు వైపు వెళ్ళిపోయారు.

అక్టోబరులో వార్డు పడగొట్టారు. రెండు రోజుల్లో నేలమట్టమైపోయింది. మూడో వారంలో కంపెనీ సైట్ ఇంజనీరు ఆనంద్ పాల్ ఫోన్ చేశాడు.

“మేడం, మన మేడ గోడలు ఉబ్బుతున్నాయండీ.”

“వెనక తవ్వుతున్నారు కదా. గోతి వైపు ఒరుగుతున్నట్టుంది.”

“ఒరగడం కాదండీ. నాలుగు గోడలూ బయటికే ఉబ్బుతున్నాయి. పైఅంతస్తు నేల చెక్కలు కూడా కిందికి వంగాయి. పైన చూస్తే కుర్చీ కూడా లేదండీ.”

నేను వెళ్ళిన రోజు తుఫాను. మధ్యాహ్నం మూడింటికే దీపాలవేళ అయినట్టుంది. కరెంటు లేదు. వార్డు ఉన్నచోట తవ్విన పెద్ద గోతిలో ఎర్రటి నీళ్ళు నిండి, వాన చినుకులకి కుతకుతా ఉడుకుతున్నట్టు కనిపించాయి. కృపమ్మగారు మేడ వరండాలో, మెట్ల మొదట్లో, బాగా ఓ పక్కకి ఒదిగి కూర్చుని ఉన్నారు. అంత వరండా ఖాళీగా ఉంది.

“ఈ పూట పైకి వద్దండీ అమ్మాయిగారూ,” అన్నారు. “వాన కదా. అందరూ లోపలే ఉన్నారు.”

“ఎవరండీ?”

“వెనక వార్డు వాళ్ళు.” ఆవిడ గొంతు తగ్గించారు. “కొల్లేటి లంకల నుంచి పడవలేసుకుని తెచ్చేవారండీ, కాన్పు కష్టమైతే. రెండ్రోజులు నొప్పులు పడ్డాక, ఇక లాభం లేదనుకున్నాక తెచ్చేవారు. ఎంతమంది ఆ వార్డులోనే పోయారో నాకు తెలుసు. ఈ మేడ దొరసానమ్మలది. బతికున్నప్పుడు వాళ్ళని ఈ మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. మొహమాటపడుతూనే వచ్చారండీ. ఇంకెక్కడుంటారు మరి?”

ఆనంద్ పాల్ ఇబ్బందిగా నవ్వాడు. “పెద్దావిడ కదా మేడం... రండి,” అన్నాడు.

ఇద్దరం టార్చీలు వేసుకుని పైకి వెళ్ళాం. పెద్ద హాలు. ఆరు కిటికీలు, అన్నీ మూసి ఉన్నాయి. గోడ పగుళ్ళ మీద అడ్డంగా గాజుపట్టీలు అంటించి వెళ్ళాం ఇదివరకు. పగులు పెద్దదైతే గాజు విరుగుతుంది. పన్నెండు పట్టీలూ విరిగి ఉన్నాయి. ముక్కలు నేల మీద లేవు. పొడిపొడిగా నలిగి, చెక్కల సందుల్లోకి దిగిపోయాయి. ఎవరో తొక్కినట్టు.

“ఉబ్బు ఎంతుందో కొలుద్దాం. పొడుగు టేపు ఉందా?”

“కార్లో ఉందండీ. తెస్తాను,” అని అతను దిగి వెళ్ళాడు.

నేనొక్కదాన్నే మిగిలాను.

ముందు వాసన తెలిసింది. మూసేసిన ఇంట్లో ఉండే ముక్కిన వాసన కాదు. ఫినాయిలు. దాని కింద ఆముదం, సాంబ్రాణి పొగ, తడిసిన జుట్టు. ఆ అన్నిటి అడుగున పచ్చి నెత్తురు వాసన. తర్వాత వేడి... బయట అంత చలిగాలి కొడుతుంటే, ఆ హాల్లో నాకు చెమటలు పట్టాయి. పెళ్ళి ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒకే గదిలో కూర్చుంటే పుట్టే వేడి అది.

కిటికీ తెరుద్దామని ఒక అడుగు వేశాను. రెండో అడుగు పడలేదు.

నా ముందు ఏమీ లేదు. టార్చి వెలుగు ఎదుటి గోడ దాకా వెళ్తోంది. నేను మాత్రం కదలలేకపోతున్నాను. కుడి మోచేతికి మెత్తగా తగిలింది. ఎడమ భుజానికి తగిలింది. వీపుకి తడిబట్ట ఆనింది. రద్దీ బస్సులో నిలబడ్డట్టు, అన్ని వైపుల నుంచీ మెల్లగా, మర్యాదగా, ఒత్తుకుంటున్నారు...

గాజుల చప్పుడు. ఎక్కడో గోడవార.

“జరుగమ్మా...”

చెవి పక్కనే. ఊపిరితో అన్న మాట.

“ఎక్కడికి జరగనూ...”

“పచ్చి బాలింత... కొంచెం చోటివ్వండే...”

కాళ్ళ కింద చెక్కలు కిర్రుమన్నాయి. నేల ఇంకో అంగుళం కిందికి దిగింది. నాకు తెలిసింది. గోడలోంచి సున్నం రాలింది.

“ఆనంద్!” అని అరిచాను.

“మేడం...” మెట్ల కింద నుంచి వచ్చింది అతని గొంతు. “రాలేకపోతున్నానండీ. మెట్ల మీద... మెట్టు మెట్టుకీ ఎవరో కూర్చున్నట్టున్నారండీ.”

ఊపిరి ఆడలేదు. నా ఛాతీ మీద కూడా ఎవరో ఆనుకుని ఉన్నారు. భయం కన్నా ముందు సిగ్గేసింది. నేను రాసిన వాక్యం గుర్తొచ్చింది.

“తప్పయిపోయిందమ్మా,” అన్నాను. “నన్ను పోనివ్వండి. కొంచెం దారివ్వండి.”

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత... చీరలు సర్దుకుంటున్న శబ్దం. నా ఎదుట వేడి రెండుగా చీలి, మనిషి పట్టేంత సన్నగా చల్లగాలి తగిలింది. మెట్ల దాకా దారి. ఎటూ చూడకుండా నడిచాను. రెండు వైపులా నా చేతులకి చేతులు తగులుతున్నాయి. మెట్ల దగ్గర ఎవరో నా కొంగు పట్టుకుని ఆపారు.

“ఒక్క నిమిషం పట్టుకో తల్లీ. ఇక్కడ ఊపిరాడట్లేదు దీనికి.”

టార్చి జారిపోయి, చేతుల్లో బరువు పడింది. వెచ్చగా. పడిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా అంతే కదా, చేతిలో పెడితే పట్టుకుంటారు. కిందికి చూశాను. నా ఖాళీ చేతులే కనిపించాయి.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆనంద్ పాల్ అప్పటికే గేటు అవతల, వానలో నిలబడి ఉన్నాడు. కృపమ్మగారు లేచి నా మోచేతుల వంక చూశారు. అవి ఇంకా మడిచే ఉన్నాయి.

“తీసుకున్నారా?” అన్నారు.

“మీరు... మీరు పట్టుకోండి కృపమ్మగారూ.”

ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. “నాకివ్వకండి. మీకిచ్చారు.” నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి మెల్లగా అన్నారు. “కొంగు కప్పండమ్మా. తల తడుస్తుంది.”

కారు ఎక్కేటప్పుడు చేతులు చాచి, విదిలించాను. బరువు పోయింది. పోయిందనే అనుకున్నాను.

ఆ తర్వాత కంపెనీ, మేడ కూడా ప్రమాదకరంగా ఉందని, పడగొట్టడానికి సంతకం పెట్టమంది. పెట్టలేదు. పెద్దలేమో మేడకేమీ ప్రమాదం లేదని రాయమన్నారు. అదీ రాయలేదు. ఉంచితే అది అంతమందిని మోయలేదు. తీసేస్తే వాళ్ళు ఎక్కడికి వెళ్తారో నాకు తెలియదు. ఇప్పుడు గోడలకి ఇనప దూలాలు ఆనించి, పని ఆపేశారు. ఆనంద్ పాల్ ఉద్యోగం మానేసి చింతలపూడి వెళ్ళిపోయాడు.

నాకు ఎడమ భుజం లాగుతూ ఉంటుంది. డాక్టరు కండరం పట్టిందన్నాడు.

మొన్న ఫిబ్రవరిలో తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వస్తున్నాను. సీట్లు లేవు. కిటికీ దగ్గర ఒక ముసలావిడ, ఒళ్ళో జామకాయల బుట్ట. నన్ను చూసి బుట్ట సీటు కింద పెట్టి, పక్కకి జరిగింది.

“చంటిదాన్నేసుకుని నిలబడతారేంటండీ, రండి కూర్చోండి.”

కూర్చున్నాను.

“మెడ కింద చెయ్యి పెట్టుకోండమ్మా, వాలిపోతంది. ఎన్నో నెలండీ?”

“మూడు నిండాయండీ,” అంది నా నోరు. నేను అనలేదు.

ఆవిడ నవ్వుతూ నా ఎడమ భుజం మీదికి వంగి, మొహం చూద్దామని కొంగు తొలగించింది. నవ్వు అలాగే ఉండిపోయింది మొహం మీద. చేత్తో నోరు మూసుకుంది. మెల్లగా లేచి, నన్ను తాకకుండా దాటి, కండక్టరుని బతిమాలి భీమడోలు రాకముందే పొలాల మధ్య దిగిపోయింది.

జామకాయల బుట్ట సీటు కిందే ఉండిపోయింది.