రాజ్యాంగమా, సివిలా?

పొద్దున్నే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, ఎవరో లాయరుగారి నల్లకోటుకు చేత్తో కాజాలు కుడుతోంది. జూనియర్ లాయరుగా ఉన్న కొడుకు కోర్టుకు తయారై కాఫీ తాగుతున్నాడు. కూతురు సివిల్స్ పరీక్షకు చదువుతూనే లా పీజీలో చేరబోతోంది. రాజ్యాంగం బ్రాంచి తీసుకుంటే ఆ చదువే పరీక్షకూ పనికొస్తుందని, పక్క ఊరి కాలేజీని ఏరికోరి ఎంచుకుంది.

ఆమె ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"ఏం ఆఫీసరమ్మా, పొద్దున్నే ఆ మొహం ఏమిటి?" అన్నాడు అన్న.

"కాలేజీవాళ్లు నన్ను సివిల్ చట్టాల బ్రాంచిలో వేశారట. మీ ఇంట్లోవాళ్లే అడిగారంటున్నారు. ఎవరు?"

అమ్మ చేతిలో సూది ఆగింది. "నేనేనే. పోయిన వారం నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఫోనొచ్చింది. రాజ్యాంగమా, సివిలా అన్నారు. పొద్దస్తమానం సివిల్స్, సివిల్స్ అంటావు కదా! సివిల్సే బాబూ అని గట్టిగా చెప్పాను."

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "అయ్యో అమ్మా! అది ఉద్యోగం పరీక్ష. వాళ్లడిగింది ఆస్తి తగాదాల చట్టాల గురించి. పోనీలే, తెలియక చెప్పావు."

అమ్మ తల ఎత్తలేదు.

"తెలియకే కదమ్మా?"

"ఆ సాయంత్రమే అన్నయ్య చెప్పాడు, అది వేరని."

అన్న కప్పు కింద పెట్టాడు. "నీకు చెప్పొద్దన్నది నేనే. సివిల్స్ రెండుసార్లు రాసి తప్పావు. సివిల్ చదివితే నా పక్కనే ప్రాక్టీసు చేసుకోవచ్చు. నీ మంచికే."

"నా మంచి నాకు తెలియకుండానా? రాజ్యాంగానికి ఏ పుస్తకాలు కొనాలో వారమంతా నిన్నే అడిగాను. తలూపుతూ కూర్చున్నావు! నువ్వూ అంతేనా అమ్మా? పొరపాటు జరిగిందని ఆ రోజే చెబితే నవ్వుకునేవాళ్లం. ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు."

అన్న కాలేజీకి ఫోన్ చేశాడు. రెండు మాటలు విని పెట్టేశాడు. "రాజ్యాంగంలో సీట్లు నిండిపోయాయట. మన ఊరి సాయంత్రం కాలేజీలో ఆ బ్రాంచి ఉంది. నేను మాట్లాడనా?"

"వద్దు. నా నోటితో నేనే అడుగుతాను."

అమ్మ కోటు పక్కన పెట్టి లేచి వచ్చింది. కూతుర్ని ముట్టుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. "మళ్లీ పరీక్ష పోతే నువ్వెంత ఏడుస్తావో అని భయపడ్డానే."

"పరీక్ష పోతే ఏడుస్తానమ్మా. ఆ ఏడుపు నాది. ఈ ఏడుపు మీరు పెట్టింది."

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. తనకు తెలియని చదువు గురించి తప్పు చెప్పడం తప్పు కాదు. తనకు తెలిసిన బిడ్డను నమ్మకపోవడమే తప్పు. అది అర్థమయ్యాక ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

కాసేపటికి కూతురు వచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఆమె భుజం మీద తల ఆనించింది. అన్న వైపు మాత్రం చూడలేదు.