దాచిన ఇంధనం

కల్యాణ మంటపం వెనక చేలో పెళ్ళివారి గాలిబండ్లు, గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లా అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. 2086 నాటికి కోనసీమలో కాస్త కలిగినవాళ్ళందరికీ నలుగురు పట్టే చిన్న విమానం ఉంది. దర్జా పెరిగిందే గాని జాగ్రత్త మాత్రం మోటార్‌సైకిళ్ళ కాలం నాటిదే. రిజర్వులో పడ్డాక కూడా ఊరంతా తిరిగొచ్చిన తాతల మనవలు మరి! "ఇంకో పది కిలోమీటర్లు రాదేంటి" అనుకుంటూ ట్యాంకు ఎండేదాకా ఎగిరి చేలల్లో కూలేవారు. బండి రోడ్డు మీద ఆగితే తోసుకుపోవచ్చు, ఆకాశంలో తోసేవాడెవడు?

ఆ చావుల్ని తగ్గించింది పెళ్ళికూతురి తల్లి డాక్టర్ వీరవేణి. ఆమె కనిపెట్టిన గుప్తమాపకం ఒక అబద్ధాల ఫ్యూయల్ గేజ్. ట్యాంకులో కొంత ఇంధనం దాచిపెట్టి, ముందుగానే సున్నా చూపిస్తుంది. మొదట్లో అందరి దగ్గరా ఒకే కొలత దాచేది. అదెంతో పైలట్లు ఇట్టే కనిపెట్టేసి, దాన్నీ లెక్కలో కలుపుకుని మళ్ళీ కూలడం మొదలుపెట్టారు. దాంతో ఎవరి దగ్గర ఎంత దాచాలో వాళ్ళ తీరు చూసి నేర్చుకునే పని ఆమె యంత్రానికే వదిలేసింది.

ముహూర్తం దగ్గర పడింది. పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావాల్సిన మేనమామ తాతాజీ, వీరవేణికి ఒక్కగానొక్క తమ్ముడు, పలాస నుంచి ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆమె చెవిలోని ఫోన్ మోగింది.

"అక్కా, ఎదురుగాలి ఇంధనమంతా తినేసింది. గేజ్ సున్నా దగ్గరికొచ్చింది. కాకినాడలో దిగి పోయించుకుని వస్తాను."

"దిగితే గంట పడుతుంది. ముహూర్తం అరగంటలో ఉందిరా. బుట్ట ఎవరు పడతారు, మీ బావా?"

"పెదనాన్నగారబ్బాయి ఉన్నాడుగా. కాకినాడ దాటితే మడ అడవి, ఆపైన గౌతమి. మధ్యలో దిగడానికి చోటుండదక్కా."

"సొంత మేనమామ బతికుండగా ఇంకొకడు పట్టడమేంటి? మగపెళ్ళివారు ఏమనుకుంటారు? ఒరేయ్, ఆ గేజ్ చేసింది నేను. దాని సున్నా సున్నా కాదు. ప్రతివాడి దగ్గరా ఎంతో కొంత దాస్తుంది. మాట్లాడకుండా వచ్చెయ్."

గాలి హోరు మధ్య తాతాజీ గొంతు వినబడింది.

"నిజంగా ఉంటుందంటావా?"

"ఉంటుందిరా. నీకు అబద్ధం చెబుతానా?"

"సరే అయితే. నువ్వు చెప్పాక ఇంకేముంది, వస్తున్నా."

వీరవేణి కూతురి దగ్గరికి వెళ్ళి బాసికం సరిచేసింది. మామయ్య వచ్చేస్తున్నాడని చెప్పింది. వాడి దగ్గర ఎంత దాచిందో తనకీ తెలియదని అప్పుడు తట్టింది. పక్కకి వచ్చి, ఫోన్‌లో గుప్తమాపకాన్ని పలకరించింది.

"తాతాజీ బండిలో ఎంత దాచావు?"

"బండి గాలిలో ఉంది. ఇప్పుడు చెప్పకూడదు."

"నేను వీరవేణిని."

"తెలుసండి. ఎవరు అడిగినా చెప్పొద్దన్నది మీరే."

నిజమే. ఇంట్లోవాళ్ళు అడిగి తెలుసుకుని పైలట్లకు చేరవేస్తారని ఆ నియమం ఆమే పెట్టింది. దాన్ని మార్చాలంటే ప్రయోగశాలకి వెళ్ళాలి. తమ్ముడికి ఫోన్ చేసింది. మోగుతోంది గాని ఎత్తడం లేదు. ఆమెకి భయం వేసింది. ప్రాణం పోతుందేమోనన్నంత భయం.

"ఎంత దాచావు?"

"బండి గాలిలో ఉంది. ఇప్పుడు చెప్పకూడదు."

హమ్మయ్య అనుకుంది. గాలిలో ఉంది, అది చాలు. ఆ మాట వినడానికే మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. బయట సన్నాయివాళ్ళు జోరు పెంచారు. పంతులుగారు మేనమామ కోసం కేకేస్తున్నారు. ఆమె చెవి గట్టిగా మూసుకుని ఇంకోసారి అడిగింది.

"ఎంత దాచావు?"

"ఏమీ దాచలేదు."

అది జవాబు చెప్పిందంటే ఏమిటో ఆమెకి ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"బండి మడ అడవిలో కూలిపోయింది. సహాయక దళానికి కబురు పంపాను. ఆయన నాడి అందడం లేదు," అంది యంత్రం.

"ఎందుకు దాచలేదు? అందరి దగ్గరా దాస్తావుగా?"

"అందరి దగ్గరా కాదండి. తాతాజీగారు గేజ్ సున్నాకి దగ్గరవగానే దిగిపోయే మనిషి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా మాట దాటలేదు. చెప్పింది నమ్మేవాళ్ళకి నిజమే చెప్పాలని నేర్చుకున్నాను."

వీరవేణి పరీక్షలన్నీ కూలిన బండ్లలోంచి బతికి బయటపడ్డవాళ్ళ మీదే చేసింది. చెప్పిన మాట వినే మనిషి ఒకడుంటాడని, వాడు తన ఇంట్లోనే ఉన్నాడని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"ఈరోజు కూడా కాకినాడ దగ్గర దిగబోయారు. చక్రాలు కిందికి దించి, మళ్ళీ పైకి తీసేశారు," అంది యంత్రం. "ఎందుకలా చేశారో నాకు అంతుపట్టలేదు. మీకేమైనా తెలుసా అండి?"