బాపు పిడికిలి

పొద్దున ఏడు కాకముందే వంటింట్లోంచి ఏడుపు వినబడింది. తల తుడుచుకుంటున్న ఉష ఉలిక్కిపడి పరుగెత్తింది. అమ్మ ఆండాళు చాట ఒళ్ళో పెట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి పోతివా" అని సన్నగా రాగం తీస్తోంది. కళ్ళల్లో మాత్రం చుక్క నీరు లేదు.

"పాలు పొంగుతయి, చూడు," అంది ఉషను చూసి, మామూలు గొంతుతో.

"పొద్దుగాల్నే గీ ఏడుపేందమ్మా? బాపుకేమన్న అయిందని పక్కింటి గుర్వమ్మ అనుకోదా?"

"నిన్ననే చెప్పిన ఆమెకు, ఇది వేషం ఏడుపని. ఇంక జర గట్టిగ ఏడువమన్నది. గోడవతల ఉన్నోళ్ళకు సరిగ్గ వినొస్తలేదట."

ఉషకు నవ్వు రాలేదు. పొయ్యి ఆపి వెళ్ళిపోయింది.

ఆండాళు పదిహేడో ఏట నాటక సమాజంలో చేరింది. ఆత్మకూర్ చుట్టూ ఏ ఊళ్ళో జాతరైనా రాణి వేషమూ ఆమెదే, ఆ రాణి దాసి రాకపోతే దాసి వేషమూ ఆమెదే. ఇంటింటికీ టీవీలొచ్చి సమాజం చెదిరిపోయాక భర్త రాజం మగ్గం పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టింది. రాష్ట్రం వచ్చాక ఇక్కడి మాటలతో సినిమాలు తీసేవాళ్ళు పెరిగారు. అలా అరవై రెండో ఏట ఆమెకు మొదటి సినిమా దొరికింది. చనిపోయిన నేతగాని భార్య వేషం. ఆరు సీన్లు.

ఎనిమిది నెలల కింద రాజానికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అప్పట్నుంచి ఇద్దరూ మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గరే ఉంటున్నారు. దవాఖాన మందులు వేళకు వేయడం, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం అన్నీ ఆండాళే చేస్తుంది. పనుల మధ్య డైలాగులు చదువుకుంటుంది.

ఆ రోజు ఉష ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆండాళు గడప దగ్గరే నిలబడి ఉంది.

"రేపే సీను. కారు ఎప్పుడొస్తదని సినిమా మేనేజర్ ఎల్లస్వామికి ఫోన్ చేసిన. నీ బిడ్డ వద్దన్నది గదమ్మా, ఇంకొకామెను చూస్తున్నమన్నడు."

ఉష చెప్పులు విడిచి, బ్యాగు కుర్చీలో పెట్టింది. "అవును. నేనే చెప్పిన."

"నన్నడగకుంట?"

"అడిగితే ఆగుతవా? బాపు మంచంల ఉంటే, నువ్వు పోయి బొట్టు తుడుసుకొని, పుస్తెలు తీసి కెమెరా ముంగట కూసుంటవా? నాకు భయమైతాందమ్మా."

"విధవ వేషం నాకు కొత్తనా? ఎన్నిసార్లు ఏయలే?"

"అప్పుడు బాపు కాళ్ళ మీద నిలబడ్డడు. అయినా ఆయనకు నీ నాటకం ఎన్నడన్న నచ్చిందా? నాకు తొమ్మిదేండ్లు. అమరచింతల నాటకమైతే ఊరు ఊరంత లేసి చప్పట్లు కొట్టింది. తెర పక్కన బాపు ఒక్కడే కొట్టలే. పిడికిలి బిగబట్టి గోడ లెక్క నిలబడ్డడు. మనసుల ఎంత సిగ్గుపడుతున్నడో నాకు గప్పుడే సమజైంది. నువ్వు మాత్రం ఎన్నడు చూడలే."

ఆండాళు కూతురి వంక చూసింది. ముప్పై ఏళ్ళుగా ఈ మాట ఎక్కడ దాచుకుందా అన్నట్టు.

"గా పిడికిట్ల ఏమున్నదో నువ్వు చూసినవా?"

ఉష జవాబు చెప్పేలోపే లోపలి గదిలో ఇనుప మంచం టంగుమంది. రాజం ఎడమచేత్తో మంచం పట్టీని కొడుతున్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. అన్నీ విన్నాడు.

అతను భార్య మెడ వంక చూసి, ఎడమ అరచేయి చాపాడు. ఆండాళు కదల్లేదు. ఇంకా ఎంతసేపన్నట్టు అతను వేళ్ళు ఆడించాడు.

"వేషం రేపు గదా. గిప్పుడే తొందరేంది నీకు?" అంటూనే ఆమె పుస్తెలతాడు తీసి ఆ చేతిలో పెట్టింది. రాజం పిడికిలి మూసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"మా సమాజంల గదే పద్ధతి," అంది ఆండాళు, ఉష వైపు తిరక్కుండానే. "విధవ వేషం ఉన్ననాడు పుస్తెలు పెనిమిటి చేతిల ఉండాలె. వేషం దిగినంక ఆయనే మెడల ఏయాలె. అందాక పిడికిలి తెరవొద్దు. అమరచింతల గూడ నాది విధవ వేషమే. బీడీ లేకుంట నిమిషం ఉండనోడు, గంటలు గంటలు అట్లనే నిలబడేది. పిడికిలి మూసినోడు చప్పట్లెట్ల కొడ్తడు బిడ్డా?"

ఉష మంచం పక్కన కూలబడిపోయింది. తండ్రి పిడికిలికి నుదురు ఆనించి ఏడ్చింది. రాజం మాత్రం పిడికిలి సడలించలేదు.

కాసేపటికి ఉష లేచి ఫోన్ అందుకుంది. "ఎల్లస్వామి గారూ, తప్పు నాదే. మా అమ్మ వస్తది."

"మీ ఇంట్ల పంచాయితీ తెగిందా మరి?" అన్నాడతను. "ఇంకొకామె ఏడుపు మా డైరెక్టర్‌కు నచ్చలే. తొమ్మిదింటికల్ల రాండ్రి."

"బాపు గూడ వస్తడు. ఆయనకు కెమెరా పక్కన జాగా కావాలె."

మర్నాడు ఆత్మకూర్ దగ్గర ఒక నేతగాళ్ళ ఇంట్లో షూటింగ్. ఉష భర్త మురళీమోహన్ మామను కారులోంచి ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆండాళు రాత్రి రాజం తిరిగిచ్చిన పుస్తెలు మళ్ళీ తీసి అతని చేతిలో పెట్టి, బోసి మెడతో మగ్గం ముందు కూర్చుంది. ముందురోజు పొద్దున బియ్యం ఏరిన చాట లేదు, ఒళ్ళో ఉత్త చేతులున్నాయి. ఈసారి రాగం తీయలేదు. సగం నేసిన చీరను నిమురుతూ, పోగు తెగిన చోట వేలు ఆపింది. అంతే.

ఒకసారి లైటు సరిపోలేదు. ఒకసారి బయట ట్రాక్టర్ పోయింది. నాలుగోసారికి రాజం చేయి వణకసాగింది.

"నాకియ్యి బాపూ, జరసేపు నేను పట్టుకుంట," అంది ఉష మెల్లగా.

అతను తల అడ్డంగా ఊపాడు. ఉష ఇంక అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చొని, తన రెండు చేతులతో ఆ పిడికిలిని చుట్టి పట్టుకుంది.

ఐదోసారి డైరెక్టర్ ఓకే అనగానే ఇల్లంతా చప్పట్లు మోగాయి. ఆండాళు తలెత్తి, అలవాటుగా, తెర పక్కకు చూసినట్టే కెమెరా పక్కకు చూసింది.

అక్కడ ఇద్దరు మాత్రం చప్పట్లు కొట్టడం లేదు.