అట్లే ఉండు

ఆళ్లగడ్డలో ఆ బాడుగ ఇంట్లో చేరి అనిత వాళ్లకు ఇంకా నెల కూడా కాలేదు. ఇల్లు మంచిదే. నీళ్లకు కొదవ లేదు, గాలి బాగా వస్తుంది, పొరుగువాళ్లు అడగకపోయినా కరివేపాకు ఇస్తారు. వంక పెట్టాలంటే ఒక్కటే, టీవీలో బొమ్మ సరిగా రాదు. మొహాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి. మాట్లాడుతున్నవాళ్లు నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోతారు.

మామూలు రోజైతే పోనీలే అనుకునేవాళ్లు. కానీ ఆ సాయంత్రం అహోబిలం స్వామి కల్యాణం. పెళ్లికి ముందు స్వామి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి తన పెళ్లికి తానే పిలుచుకోవడం ఆ సీమలో ఆనవాయితీ. అత్త సుబ్బలక్ష్మి ఏటా ఆ పిలుపు అందుకుని పోయేది. ఈసారి బాత్రూములో జారిపడి, కాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయింది.

"స్వామే వాకిట్లోకొచ్చి పిల్సిపోయినాడు. పోలేకుంటే పాయె, కంటితోనన్నా సూడొద్దా?" అని పొద్దున్నుంచి ఒకటే గోల.

అనిత మొగుడు మల్లికార్జున నంద్యాలలోని మెకానిక్ నరసింహులుకు ఫోన్ చేశాడు. ఆయన రేపుగానీ రాలేనన్నాడు. సెట్‌టాప్ పెట్టె ఆపి మళ్లీ వేయమన్నాడు, కార్డు తీసి తుడవమన్నాడు, వైరు బిగించమన్నాడు. అన్నీ చేశారు. అనిత కార్డును కొంగుతో తుడిచి తుడిచి అద్దంలా చేసింది. బొమ్మ మాత్రం రాలేదు.

"ఈ పెట్టే దండగమారిది" అన్నాడు మల్లికార్జున.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీయట్లాంటోడే" అంది తల్లి. "మిద్దెక్కి ఆ డిష్షు తిప్పి సూడు నాయనా."

చెప్పులు వాకిట్లో విడిచి, ఫోన్ మంచం మీద పడేసి, స్పానర్ పట్టుకుని అతను మెట్లెక్కాడు. మెట్లు నడవలోంచే, కింద ఒక తలుపు. బట్టలు పెరట్లోనే ఆరేస్తారు కాబట్టి అనితకు ఆ మిద్దె ఎక్కే పని ఇంతవరకూ పడలేదు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. పైవాడికి బొమ్మ కనపడదు, కిందివాళ్లకు డిష్షు కనపడదు. మధ్యన ఉండేది గొంతు ఒక్కటే. కిందివాళ్లు చాలు దిగమనేదాకా పైవాడు పట్టు వదలకూడదు.

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"ఇంగా రాలే!"

పొద్దు గుంకింది. వేళ కాని వేళలో గాలి లేచింది. తడి మట్టి వాసన వచ్చింది. పైనుంచి కాసేపు ఏ చప్పుడూ లేదు. ఉన్నట్టుండి తెర మీద గళ్లన్నీ కలుసుకున్నాయి. స్వామి మెడలో దండ, దండలో పువ్వులు, పువ్వుల్లో రేకులు కూడా కనపడుతున్నాయి.

"వచ్చింది! అట్లే ఉండు! కదలద్దు!" అని అనిత ఎగిరి గంతేసినంత పని చేసింది. సుబ్బలక్ష్మి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అప్పుడే అనిత ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అనితా, నేను మే. అంగడాయప్ప ఫోన్లో చేస్తాండా. డిష్షు బోల్టు అరిగిపోయింది. పక్కింటి మిద్దె మీంచి దిగి బజారుకొచ్చినా. అరిస్తే నీకు ఇనపళ్యా. కొత్త బోల్టు తీసుకోని వస్తాండా."

మల్లికార్జున గొంతే.

"మరి పైన..." అనేలోగా ఫోన్ కట్టయింది.

"వచ్చిందా, అనితా?"

పైనుంచి. అదీ మల్లికార్జున గొంతే.

అనితకు ఒళ్లంతా చల్లబడింది. అత్త దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. సుబ్బలక్ష్మి మొహంలో నెత్తురు లేదు. అనిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దిగమనద్దు" అంది గుసగుసగా. "అది ఏదైతేనేం, కిందోళ్లు సెప్పేదాకా దిగదు. అట్లే ఉండమను."

"వచ్చింది... అట్లే ఉండు" అంది అనిత. గొంతు తనది కానట్టు ఉంది. పిల్లిలా నడిచి పోయి మెట్ల తలుపు గొళ్లెం వేసింది.

వీధి తలుపు పది అడుగుల్లోనే ఉంది. పరిగెత్తి పోవచ్చు. మరి మంచం మీద ఈ మనిషి? ఎత్తుకుపోయే బలం లేదు, వదిలిపోయే మనసు లేదు. నడి ఇంట్లో నిలబడి, ఆ గొంతు అడిగినప్పుడల్లా జవాబు చెప్పడం తప్ప చేయగలిగింది లేదు.

వాన మొదలైంది. పెద్ద చినుకులు. పైన గొంతు వణుకుతోంది.

"సేతులు పీకుతాండాయి మే... దిగేదా?"

"వద్దు. ఉండు."

"సలిగా ఉంది..."

"ఉండు!"

తెర మీద బొమ్మ కొంచెం కూడా చెదరలేదు. అంత బాగా టీవీ ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

వీధి తలుపు తట్టారు. "అనితా! నేనే."

ఒక్క అంగలో పోయి తీసింది. మల్లికార్జున. చేతిలో బోల్టు. ఆమెకు ఏడుపు ఆగలేదు. "పైన... పైన ఎవరో..." అని వేలు చూపించింది. అతను తల ఊపి లోపలికొచ్చి, తల్లి మంచం మీద కూర్చున్నాడు.

"ఎవరొచ్చినారు మే?" అంది పై గొంతు. "ఎవురితో మాట్లాడతాండావ్?"

అనిత తలుపు వేయబోతూ గడప అవతలికి చూసింది. మల్లికార్జున చెప్పులు సాయంత్రం విడిచినచోటే నానుతున్నాయి. వీధంతా బురద. లోపల కూర్చున్నతని పాదాలకు మట్టి లేదు. చొక్కా మీద ఒక్క చినుకు లేదు. తల వెంట్రుకలు పొడిగా ఉన్నాయి.

"సెప్పు మే" అన్నాడతను, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆయప్పను అట్లే ఉండమని సెప్పు."

అప్పుడు అర్థమైంది ఆమెకు. కట్టుకున్న మొగుణ్ణి తానే వానలో నిలబెట్టింది. దిగొస్తానని బతిమాలుతుంటే వద్దంది. తలుపుకు గొళ్లెం కూడా వేసింది. అత్త వైపు చూసింది. సుబ్బలక్ష్మి కళ్లు మూసుకుని స్వామి పేరు జపిస్తోంది.

ఇక ఎదురు చూడలేదు, ఆలోచించలేదు. అనిత పరిగెత్తి గొళ్లెం తీసింది. కూర్చున్నవాడు ఆమెను ఆపలేదు.

"వస్తాండా! దిగిరా! నేనొస్తాండా!" అని అరుస్తూ మెట్లెక్కింది.

మిద్దె మీద ఎవరూ లేరు.

డిష్షు కింద స్పానర్ పడి ఉంది. "ఏమయ్యా!" అని పిలిచింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పిట్టగోడ దాకా పోయి చూసింది. పక్కింటి మిద్దె ఎడంగా ఉంది. మధ్యలో బండి పట్టేంత సందు. ఇక్కడినుంచి అక్కడికి ఏ మనిషీ దాటలేడు.

వెనక్కి తిరిగేసరికి గాలి విసిరి కొట్టింది. పడిపోకుండా చేతికందింది పట్టుకుంది... డిష్షు. ఇనుము వెచ్చగా ఉంది. ఇప్పటిదాకా ఎవరో పట్టుకుని ఉన్నట్టు.

కింద టీవీలో మంగళవాద్యాలు ఒక్కసారి ఖణీమని మోగాయి.

"అత్తా!" అని అరిచింది అనిత. "అత్తా, ఈడ ఎవరూ లేరు! నేను దిగొస్తాండా!"

మెట్ల కింద తలుపు మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు వాన చప్పుడులో కూడా బాగా వినిపించింది.

ఆ తర్వాత కిందనుంచి జవాబు వచ్చింది. అది అత్త గొంతు కాదు. మల్లికార్జున గొంతు కాదు.

"వచ్చింది! కదలద్దు! అట్లే ఉండు!" అని కిందనుంచి అనిత గొంతు సంతోషంగా అరిచింది.