పరుశురాం పేపర్

పొద్దున్నే టీ గిన్నె దించుతూ నవత ఫోన్‌లో వచ్చిన ఆహ్వానం తెరిచింది. వచ్చే గురువారం యూనివర్సిటీలో బిగ్ డేటా మీద పెద్ద సదస్సు. పదిన్నరకు పరిశోధన పేపర్ మీద ఆమె ప్రసంగం. పక్కనే ఆమె ఫొటో.

అత్తగారు భారతమ్మ వెనక నుంచి తొంగి చూసింది. ఆమె కంట పడ్డాక ఇక ఏదీ దాగదు.

"గా పేపర్ రాసింది నా కొడుకు గదా. వాని ఫొటో ఏది?"

"మాట్లాడేటోళ్ల ఫొటోనే వేస్తరత్తమ్మా."

"గురువారం వాని ఐదో నెల మాసికం. గా దినం నువ్వు ఇంట్ల లేకుంటే ఎట్ల? ఈసారి గూడ పిట్ట ముట్టకుంటే ఆ పాపం ఎవలది?"

నవత భర్త పరుశురాం ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయాడు. ముప్పై రెండేళ్లు. మూడోరోజు పెట్టిన అన్నాన్ని కాకి ముట్టలేదు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే అంతే అంటారు. అప్పటి నుంచి భారతమ్మ నెలనెలా డాబా మీద విస్తరి వేస్తూనే ఉంది. తలకాయ కూర పెట్టింది, ఇరానీ చాయ్ పెట్టింది, ఉస్మానియా బిస్కెట్లూ పెట్టింది. తార్నాక నిండా కాకులే, ఆ విస్తరి దగ్గరికి మాత్రం ఒక్కటీ రాదు.

"నలుగురు చప్పట్లు కొడితే వాణ్ని మర్సిపోతవు," అంది భారతమ్మ.

నవత గిన్నె ఠక్కున పెట్టేసింది. "మర్సిపోవుడా? ఆయన సగంల ఇడిసిపెట్టి పోతే, ల్యాబ్‌ల ఆయన కుర్చీ పక్కన కూసొని ఏడ్సుకుంట పూర్తి చేసిన. నేను పోకుంటే పేపర్ తీసేస్తరు. అది ఆయన ఆఖరి పని అత్తమ్మా."

గదిలోంచి ప్రింటు తెచ్చి ముందు పెట్టింది. "సూడు. మొదటి పేరు ఆయనదే. నాది ఎనక."

భారతమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ అక్షరాల మీద వేలు ఆనించి చాలాసేపు కూర్చుంది.

"దీనికేనా, అన్నం సల్లారినా లేవకపోయేటోడు?"

"దీనికే."



గురువారం తెల్లారే వంట చేసి విస్తరి వేశారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఒక్క కాకీ దిగలేదు. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. నవత మెట్ల మీద కూర్చుండిపోయింది. అంతలో భారతమ్మ డాబా దిగి వచ్చింది.

"ముట్టింది బిడ్డా. రెండు ముద్దలు తిని పో."

"నువ్వో?"

"నేను తర్వాత తింట." తనే కలిపి కోడలి నోట్లో పెట్టింది.

సదస్సు హాల్లో తెర మీద మొదటి పేరు చదవబోయి నవత ఆగిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. అయ్యాక చప్పట్లు వినిపించాయి గానీ, ఎవరెవరు కొట్టారో కన్నీళ్లలో ఆమెకు కనిపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో అన్నం గిన్నె అలాగే ఉంది. అనుమానంతో డాబా ఎక్కింది. విస్తరి పొద్దున వేసినట్టే ఉంది. పక్కనే భారతమ్మ, కొంగు నెత్తిన కప్పుకుని, ఎండకు వాడిపోయి.

"ముట్టలేదా అత్తమ్మా?"

"లేదు. ఆ మాట చెప్తే నువ్వు పోవు. వాని పని ఆగిపోతది."

తనకు తినిపించి ఈ ముసలి ప్రాణం పొద్దంతా పస్తు ఉంది. నవత ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. భారతమ్మ ఆ తల నిమిరింది.

"ఆడ ఏం జెప్పినవో గీడ జెప్పు. తెలుగుల."

నవత కళ్లు తుడుచుకుని కాగితం తీసింది. "ఒక ఊర్ల కంప్యూటర్ చెడిపోయినా, అండ్ల దాసింది పోవద్దని ఇంకో రెండు ఊర్లల గూడ పెడ్తం..."

"మెల్లగ జెప్పు," అంది భారతమ్మ, విస్తరి వైపు చూస్తూ. "వాడు ఇంటున్నడేమో."