కునుకుబండ మేకకాళ్ళోడు

దెయ్యమన్నాక రాత్రిపూట తిరగాలి. అది దాని ధర్మం. డుంబ్రిగుడ ఎగువనున్న కునుకుబండ దగ్గరున్నవాడికి ఆపాటి సిగ్గు కూడా లేదు... వాడి వేళ మిట్టమధ్యాహ్నం. పొద్దు నడినెత్తికొచ్చిందంటే కొండోళ్ళెవరూ అటు పోరు. ఈల వెయ్యరు, మేకని గట్టిగా అదిలించరు. అక్కడెవడో కునుకు తీస్తుంటాడట. నిద్ర చెడితే ఒక్క అరుపు అరుస్తాడట... ఇక మేకలూ మనుషులూ ఎందుకో తెలీకుండా లోయలోకి పరుగే పరుగు.

ఇదంతా మా తాత వరహాలరావు చెప్పిందే. కోతలు కొయ్యడంలో ఆయనకి ఆయనే సాటి. నన్ను మాత్రం తిట్టకండి.

పంతొమ్మిదొందల ఇరవయ్యారులో తాత అక్కడ అడవి సర్వే చేసే తెల్లదొర దగ్గర గుమస్తా. కునుకుబండ సంగతి చెవిన పడగానే దొర ఎగిరి గంతేశాడట. "వీడు మా పుస్తకాల్లో ఉన్నాడోయ్! గ్రీకుల దేవుడు... పేరు పాన్!"

ఆ కబురు కడుపులో దాచుకుంటే మా తాత ఎందుకవుతాడు? సంతరోజున గాసికి చేరేశాడు. గాసి ఆ కొండల్లో వేటగాడు. పేరుకే.

"ఆ దేముడెలాగుంటాడు బావూ?"

"నడుం పైన మనిషి, కింద మేక. నెత్తిమీద కొమ్ములు. పిల్లంగోవి ఊదుతాడు. మేకలోళ్ళకీ వేటగాళ్ళకీ ఆడే పెద్దదిక్కు. మజ్జానం తొంగుంటాడు, లేపితే అరుస్తాడు."

"మొక్కితే జంతువునిస్తాడేటి?"

"మొక్కితే కాదురా, తంతే! వేట దొరక్కపోతే అక్కడి కుర్రగుంటలు అడివుల్లి దుబ్బులు పీక్కొచ్చి ఆడి బొమ్మని సావగొడతారట. దొర సెప్పాడు."

తాత పడీపడీ నవ్వాడు. గాసి నవ్వలేదు.

నవ్వే రోజులు కావు పాపం అతనివి. చైత్రంలో ఇటుకల పండగ. పండగ నాళ్ళలో మగాళ్ళంతా వేటకి పోవాలి. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడి నెత్తిన ఆడాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. గాసికి రెండేళ్ళుగా అదే పండగ స్నానం. ఈ ఏడు పెళ్ళాం దేముడమ్మ కోప్పడలేదు, ఏడవలేదు... నెమ్మదిగా చెప్పేసింది.

"ఈసారీ కుందేలు తోకైనా తేకపోతే నాను మాడుగుల బుధు ఇంటికెల్లిపోతాను."

మాడుగుల బుధు గురి తప్పని వేటగాడు. పైగా పెళ్ళాం లేనివాడు. మగడు నచ్చకపోతే ఆడది ఇంకో ఇంటికి నడిచిపోవడం ఆ కొండల్లో వింతేమీ కాదు. గాసికేమో దేముడమ్మంటే ప్రాణం. దెయ్యంకంటే బుధు భయం పెద్దదైపోయింది.

ఆఖరి రోజొచ్చింది. తోటివాళ్ళు దిగువన వల కట్టి కూర్చున్నారు. గాసి మాత్రం అడివుల్లి దుబ్బులు కట్టగట్టుకుని కునుకుబండ ఎక్కాడు... సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

గాలి లేదు. పిట్ట పలుకు లేదు. తన కాలికింద ఎండుటాకు చప్పుడుకి తనే ఉలిక్కిపడుతున్నాడు.

బండ వెనక నీడలో... ఉన్నాడు.

బోర్లా పడుకుని ఉన్నాడు. నెత్తిమీద రెండు కొసలు నిక్కపొడుచుకుని ఉన్నాయి. నడుం నుంచి కిందకంతా నల్లటి బొచ్చు... గుర్రుమని గురక.

గాసి పారిపోదామనుకున్నాడు. వెనక్కి తిరిగాడు కూడా. బుధు గుమ్మంలో దేముడమ్మ కళ్ళముందు మెదిలింది. మళ్ళీ ఇటు తిరిగాడు.

"తప్పు కాయి సామీ..." అని గొణిగి — ఫెడీమని ఒక్కటిచ్చాడు. రెండు... మూడు...

అప్పుడొచ్చింది అరుపు.

మేకదీ కాదు, మనిషిదీ కాదు. కొమ్మల మీది కోతులు పట్టుతప్పి రాలాయి. డేరాలో దొర చెప్పుల్లేకుండా అనంతగిరి దారి పట్టాడు. తుప్పల్లోంచి అడవిపంది ఒకటి లేచి, ముందూవెనకా చూడకుండా దిగువకి దూసుకెళ్ళి వలలో పడింది. దాని మీద గాసి పడ్డాడు.

సాయంత్రం పందిని మోసుకొస్తుంటే ఊరి మొదట్లో దేముడమ్మ పేడకుండతో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసింది, పందిని చూసింది.

"ఎవులు తోలేరు?"

"నానే. దొరల దేముణ్ణి తన్ని తోలించేను."

దేముడమ్మ కుండ కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకుని థింసా ఆటలోకి లాక్కెళ్ళింది. బతికినన్నాళ్ళూ బుధు మాటెత్తలేదు.

ఎప్పుడు చెప్పినా ఇక్కడితో ఆపేసేవాడు తాత. ఒకసారి మా అమ్మమ్మ యర్రమ్మ ఆపనివ్వలేదు.

"ఆ సైత్రంలో ఇంటికొచ్చినప్పుడు నీ ఈపు నిండా ఆ దద్దుర్లేటి? అడివుల్లి పసరు తగిల్తేనే అలాగ పొంగుతాది. నెల్లాళ్ళు పసుపు రాసిందాన్ని, నాకు తెల్దేటి?"

తాత దొరికిపోయాడు. చివరికి కక్కాడు. కొండోళ్ళు రారు, దొర కేక వినబడదు... అందుకని రోజూ మధ్యాహ్నం పనెగ్గొట్టి అక్కడికే పోయి పడుకునేవాడట. ఆ కొసలు ఆయన తలగుడ్డ ముడివి. ఆ బొచ్చు, జోరీగలు కుట్టకుండా నడుందాకా కప్పుకున్న నల్ల గొంగళిది.

మాకు నవ్వాగలేదు. "గొప్ప దేవుడివే తాతా! ఒక్క కేకతో కొండంతా పరిగెత్తించావు!" అన్నాను.

తాత నవ్వలేదు. గుమ్మం వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"దెబ్బలు తిన్నది నానే గుంటా... అరిసింది నాను కాదు. నాకు గొంతే పెగల్లేదు. ఆ అరుపు నా పక్కనుంచొచ్చింది... అదే గొంగట్లోంచి."